కిటికీ వెలుతురులో నా నెత్తురు

మైక్రోస్కోపు గొట్టంలోంచి తన నెత్తురును తాను చూసుకున్న ఆడమనిషి మా ఊళ్లో నేనొక్కదాన్నే. ఈ సంగతి మనవళ్లకు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ నా గొంతు లేస్తుంది, చేతులు గాల్లో తిరుగుతాయి. "అవ్వకు మళ్లీ పూనకం వచ్చినాది" అని వాళ్లు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుతారు. నవ్వనీ. చావు అంచుదాకా పోయి వచ్చినదాన్ని, ఆ కథ కాస్త గట్టిగా చెబితే ఎవరి సొమ్మేం పోయింది?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గాలి లేస్తే కాగితాల కోసం గుమాస్తాలు బయటికి పరుగెత్తేవాళ్లని మా నాయన చెప్పి నవ్వేవాడు. మాది కోడుమూరు పక్కన పల్లె. మా అమ్మ పుట్టిల్లు కడప వైపు, ఒంటిమిట్ట దగ్గర. అంత దూరం నుంచి తెచ్చుకున్న కోడలు కాబట్టి అమ్మ ఏం చేసినా మా అత్తకు వింతే. అత్త అంటే మా నాయనకు అక్క. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఇంటి తాళాలు ఆమె నడుముకు ఉండేవి, ఇంట్లో మాట కూడా ఆమెదే.

నాకప్పుడు పెళ్లి వయసు. చూడవచ్చిన వాళ్లందరికీ నేనే ఏదో ఒక వంక పెట్టి పంపించేదాన్ని. ఇంట్లో కూర్చోమంటే వినే రకం కాదు. ఆ ఏడు శెనక్కాయ పీకేటప్పుడు కూలీలతో సమానంగా చేలో వంగి పనిచేశాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి రెండు చెంపలూ, ముక్కు మీదా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎండ దెబ్బ అన్నారు. పసుపు అరగదీసి పూశారు. ఆ ఎరుపు తగ్గలేదు సరికదా, నా మొహం మీద పీట వేసుకుని కూర్చుంది.

తరువాత వేళ్ల కీళ్లు వాచాయి. జొన్నరొట్టె తట్టాలంటే అరచెయ్యి చక్కగా చాచాలి. నా వేళ్లు తెల్లవారితే చాచుకునేవి కావు. రొట్టె పొయ్యి మీదికి పోకముందే చిరిగిపోయేది. "మనసు యాడనో పెట్టుకోని తడతాండావు" అని అత్త సాధించేది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వచ్చేది. గడప దాటి పెరట్లోకి పోతే గుండె దడదడలాడేది. చివరికి ఒకరోజు పొద్దున అమ్మ నా కంటి రెప్పను కిందికి లాగి చూసి, "కండ్లు పచ్చబడినాయి" అంది.

ఇంకేముంది, కామెర్లు. కళ్లు పచ్చబడితే మా వైపు ఎవరూ రెండో మాట ఆలోచించరు. పసరు పోసే ఆయన్ను పిలిపించారు. చేదు పసరు తాగించి, ఉప్పూ నూనే లేని పత్యం పెట్టమన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. పసరు తాగి ఎండలో కూర్చుంటే పచ్చవిషం చెమటలో పోతుందని అత్త తన సొంత వైద్యం జోడించింది. రోజూ పొద్దున నన్ను బండరాయి మీద ఎండకు ఎదురుగా కూర్చోబెట్టేది. ఉప్పులేని మజ్జిగన్నం తిని, ఎండలో మాడి, నేను రోజురోజుకూ వడిలిపోయాను. మొహం మాత్రం ఎర్రగా మండేది. నాలో మిగిలిన బలమంతా కోపంగానే బయటికి వచ్చేది, అదీ మాటలు పూర్తికాకముందే ఊపిరి అందక ఆగిపోయేది.

ఒకరోజు బండ మీదినుంచి లేవబోయి పడిపోయాను. కళ్లు తెరిచేసరికి అమ్మ మా నాయనతో అంటోంది.

"పసరూ వద్దు, పత్యమూ వద్దు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసకపోదాం. నువ్వు బండి కట్టకపోతే నేనే కడతా."

అమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. నాయన ఎద్దులను విప్పి తెచ్చి బండి కట్టాడు. బండిలో కోడుమూరుకు, అక్కడినుంచి బస్సులో కర్నూలుకు. అత్త కూడా వచ్చింది. ఆమె లేకుండా మా ఇంట్లో ఏదీ జరగదు మరి.

ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు చూసేది ఒక డాక్టరమ్మ. గుంటూరు వైపు మనిషి. సన్నగా, చకచకా నడిచేది. ఆమె నా కంటి రెప్ప లాగి చూసింది, నాలుక చూసింది, గోళ్లు చూసింది, మొహం మీది ఎరుపును చాలాసేపు చూసింది.

"కామెర్లని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగింది.

"కండ్లు పచ్చగుండాయి కదమ్మా, ఒకరు సెప్పాల్నా?" అంది అత్త.

"పచ్చగా ఉన్నాయి, నిజమే. రెప్ప లోపల చూడండి, దూదిలాగా తెల్లగా ఉంది. ఈ అమ్మాయి కాలేయం చెడలేదు. నెత్తురే ఒంట్లో విరిగిపోతోంది. విరిగిన నెత్తురు రంగే మీరు కళ్లలో చూస్తున్నది. ముందు వేరే నెత్తురు ఎక్కించకపోతే గుండె తట్టుకోదు."

నెత్తురు ఎక్కించడం అనే మాట మా వాళ్లు వినడం అదే మొదలు. ఒకరి ఒంట్లోది తీసి ఇంకొకరికి పోస్తారంటే మా నాయన నోరు తెరుచుకుని చూశాడు. తేరుకుని, "నాది తీసుకోండమ్మా, ఎంత కావాల్నో అంత తీసుకోండి" అని అంగీ చెయ్యి పైకి లాక్కున్నాడు. ఊరికి కబురు పోయింది. మా చిన్నాయనలు, వాళ్ల కొడుకులు అందరూ బస్సెక్కి వచ్చారు. పొగరుబోతు కోడెను కొమ్ములు పట్టి వంచే మనుషులు, వేలు మీద సూది గుచ్చగానే చెమటలు కక్కారు. నేను పడుకున్నచోటినుంచే అది చూసి నవ్వాను. నవ్వితే ఆయాసం వచ్చింది, అయినా నవ్వాను.

పరీక్షలు చేసే గదిలో వెలుతురు తక్కువ. మైక్రోస్కోపుకు కింద చిన్న అద్దం ఉంటుంది, దానిమీద పగటి వెలుగు పడితేనే కనిపిస్తుంది. అందుకని డాక్టరమ్మ దాన్ని మా వార్డు కిటికీ దగ్గర బల్ల మీద పెట్టించుకునేది. ఆ కిటికీ పక్కనే నా మంచం. కాబట్టి జరిగినదంతా నా కళ్ల ముందే జరిగింది.

నెత్తురును కాసేపు కదపకుండా ఉంచితే గడ్డ అడుక్కు చేరి పైన పసుప్పచ్చని నీరు తేరుతుంది. నా నెత్తురులోంచి ఆ నీటిని తీసి, తెల్లటి పింగాణీ పలక మీద ఒక చుక్క వేసింది. దానిమీద మా నాయన నెత్తురు చుక్క. పలకను అటూ ఇటూ వంచింది. చూస్తుండగానే ఆ చుక్క పాలు విరిగినట్టు విరిగి, ఎర్రటి పలుకులు పలుకులుగా తేలింది.

"కలవడం లేదు" అంది డాక్టరమ్మ.

పెద్ద చిన్నాయనది పెట్టింది, విరిగింది. చిన్న చిన్నాయనది, విరిగింది. వాళ్ల కొడుకులవి, మా అమ్మది, అన్నీ విరిగాయి. డాక్టరమ్మ పలక కడిగి మళ్లీ మొదటినుంచి చేసింది. మళ్లీ అంతే. ఆమె నుదురు చిట్లించుకుని వెళ్లిపోయింది.

పలక మీద ఏం జరిగిందో మాలో ఎవరికీ అర్థం కాలేదు. మా అత్తకు మాత్రం వెంటనే అర్థమైపోయింది. వరండాలో మా నాయన పక్కన కూలబడి, అందరికీ వినబడేటట్టే మొదలుపెట్టింది.

"ఏమప్పా, కన్నతండ్రి నెత్తురు బిడ్డకు కలవకపోవడమేంది? నీదీ కలవల్యా, తమ్ముండ్లవీ కలవల్యా. మన ఇంటి నెత్తురే కాదంటే ఇది యాడి నెత్తురు?"

"తల్లిది గూడా కలవల్యా కదక్కా" అన్నాడు నాయన మెల్లగా.

"తల్లిది సంగతి వేరే. కాన్పు కండ్లారా చూసినా. తల్లి ఎవురో నాకు తెలుసు."

ఆమె తర్కానికి నేనేం చెప్పను. వార్డు లోపల మంచం పక్కన కూర్చుని అమ్మ నా కాళ్లు ఒత్తుతోంది. ఆ మాటలు విని ఆమె చేతులు ఆగిపోయాయి. కొద్దిసేపటికి మళ్లీ ఒత్తడం మొదలుపెట్టింది. నేను లేచి కూర్చుని అత్తను నాలుగు మాటలు అందామనుకున్నాను. తల తిరిగి దిండు మీద పడ్డాను. ఆ కోపం ఇప్పటికీ తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

మధ్యాహ్నానికి అత్త తీర్పు కూడా తయారైంది. అమ్మ మహానందికి పోవాలి. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి ప్రమాణం చెయ్యాలి. మా వైపు మాట తేలకపోతే అదే పద్ధతి. తడిబట్టలతో అబద్ధం చెబితే ఒంటిమీద ఆ బట్టలు ఆరకముందే పోతారని నమ్మకం.

"నేను యాడికీ రాను" అంది అమ్మ. "నా బిడ్డ ఊపిరాడక ఈడ పండుకోనుంటే, నేను పోయి నీళ్లల్లో మునిగేదా?"

"చూసినావా తమ్ముడా, మునగదంట" అంది అత్త.

మా నాయన ఏం చేశాడో చెప్పమంటారా? అమ్మ కట్టుకొచ్చిన సద్దిమూట విప్పకుండా పక్కన పెట్టి, బయట మెట్ల మీద కూర్చుని బీడీలు కాల్చాడు. అత్త మాటలకంటే ఆ విప్పని సద్దిమూటే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. నేను చచ్చిపోతే అమ్మను పుట్టింటికి తోలేస్తారని నాకు తెలిసిపోయింది. బతికితే మాత్రం? నా మొహం చూసినప్పుడల్లా ఆ అనుమానం ఆయనకు గుర్తుకొస్తుంది. ఏ దారీ కనిపించక దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాను.

మరుసటి పొద్దున డాక్టరమ్మ వచ్చిన తీరు నేను మరిచిపోలేను. వరండా ఆ చివరినుంచి చెప్పుల చప్పుడు టకటకా వినిపించింది. ఆమె నడవడం లేదు, పరుగెత్తుతోంది. జుట్టు కూడా సరిగా ముడుచుకోలేదు. నేరుగా నా మంచం దగ్గరికి వచ్చి, "నీ చెయ్యి ఇవ్వు, త్వరగా" అని నా వేలు గుచ్చింది. పలక మీద నా నెత్తురు నీటి చుక్క వేసింది. నిన్న అందరి నెత్తురూ పెట్టి చూసిన ఆ నీటి మీద, ఈసారి నా నెత్తురే పెట్టింది.

పలకను వంచింది. నేనూ అమ్మా మెడలు సాచి చూస్తున్నాం.

విరిగింది. మా నాయనది ఎలా విరిగిందో, అలాగే.

"ఒక్కోసారి కణాలు ఊరికే దొంతర్లుగా పేరుకుంటాయి, దాన్ని చూసి మోసపోతాం" అని తనలో తాను అనుకుంటూ ఉప్పునీళ్ల చుక్క కలిపింది. నాకు అన్నంలో ఉప్పు పెట్టని అత్త గుమ్మంలోంచి గుడ్లప్పగించి చూసింది. దొంతర్లయితే ఆ నీటికి విడిపోవాలట. ఇవి విడిపోలేదు. డాక్టరమ్మ ఒక్కసారి గట్టిగా నవ్వి, "మీవాళ్లందరినీ లోపలికి రమ్మను" అని మా అమ్మ భుజం తట్టింది.

మా నాయనను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. మొదట ఆయన నెత్తురును ఆయన నీటిలోనే కలిపి చూపించింది. "ఏం కనిపిస్తోంది?"

"గుండ్రంగా, చిన్నచిన్న బిళ్లలమ్మా. యాడివి ఆడ తిరుగుతాండాయి."

తరువాత నాది నా నీటిలో కలిపింది. నాయన చాలాసేపు తల ఎత్తలేదు.

"గుంపులు గుంపులుగా అతుక్కోనుండాయి."

"అది మీ అమ్మాయి నెత్తురు. దాన్ని అలా చేస్తున్నది కూడా మీ అమ్మాయి నెత్తురే. మీది ఈ అమ్మాయికి పడకపోవడం కాదయ్యా. తన నెత్తురు తనకే పడటం లేదు. లోకంలో ఎవరిది తెచ్చినా ఇంతే అవుతుంది."

తరువాత విడమరిచి చెప్పింది. ఒంట్లో రోగాల మీద కావలి కాసే శక్తి ఒకటి ఉంటుందట. ఒక్కోసారి అది గురి తప్పి, కావలి కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు, సొంత ఒంటినే కరుస్తుందట. కీళ్లను, చర్మాన్ని, ఎర్ర కణాలను, దేన్నీ వదలదట. మొహం మీది ఎరుపు, వేళ్ల వాపు, జుట్టు రాలడం, ఈ పచ్చకళ్లు, అన్నీ ఆ ఒక్క జబ్బేనంది. లూపస్ అని పేరు కూడా చెప్పింది. దానికి ఎండ అస్సలు పడదు అంటూ నా మంచాన్ని కిటికీ దగ్గరనుంచి జరిపించబోయింది.

"ఉండండి డాక్టరమ్మా" అన్నాను. "నన్ను చూడనీయండి."

అమ్మ నన్ను లేపి పట్టుకుంది. ఒక కన్ను మూసి గొట్టంలోకి చూశాను. వెలుతురు మడుగులో లేత గులాబీ రంగు బిళ్లలు, ఒకదాన్నొకటి పట్టుకుని వదలకుండా గుంపులు కట్టి ఉన్నాయి. నన్ను చంపుతున్నవి అవే. అయినా వాటిని చూస్తే నాకు భయం వెయ్యలేదు. ఒళ్లంతా పులకరించింది. మా అమ్మ మీద పడిన మాటను తుడిచేసే సాక్ష్యం, పసరుకూ ప్రమాణానికీ అందని సాక్ష్యం, నా ఒంట్లోంచే వచ్చి అక్కడ కూర్చుంది. "అత్తా, నువ్వూ రా, చూడు" అని అరిచాను. అరవడానికి ఊపిరి ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

అత్త వచ్చింది. గొట్టానికి ఆనించిన కన్ను మూసుకుని, రెండో కన్ను తెరిచి, "కనపడతాండాయి, కనపడతాండాయి" అంది. డాక్టరమ్మ ఆమె తల తిప్పి సరిగా చూపించింది. అప్పుడు గొట్టం దగ్గరనుంచి మెల్లగా వెనక్కి జరిగింది.

ఈ జబ్బుకు కార్టిజోన్ అని కొత్త మందు వచ్చింది, మద్రాసులో దొరకవచ్చు అంది డాక్టరమ్మ. మా నాయన గుంతకల్లు దాటి ఎరగడు. చీటీ రాయించుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, అదే పూట రైలు స్టేషనుకు పరుగెత్తాడు.

మందు వచ్చేదాకా నేను ఆగాలి కదా. పూర్తిగా కలిసే నెత్తురు దొరకదు కాబట్టి, అందరికంటే తక్కువగా విరిగేది ఏదో వెతకాలంది డాక్టరమ్మ. అందరివీ మళ్లీ చూసింది. అన్నీ దట్టంగా విరుగుతున్నాయి. "ఇంట్లో ఇంకెవరూ లేరా?" అంది. అందరి కళ్లూ అత్త మీదికి పోయాయి. పరీక్ష దగ్గరికి రాకుండా తప్పించుకున్నది ఆమె ఒక్కతే.

అత్త మొహం మాడిపోయింది. "నేను మొగుడు పోయినదాన్నమ్మా. పెండ్లి కావాల్సిన పిల్ల ఒంట్లోకి నా నెత్తురు పోతే బాగుంటాదా? ఎవురన్నా ఒప్పుకుంటారా?" అంది. సూది భయం కాదు. అప్పుడే నాకు తెలిసింది, ఆమె పరీక్షకు దూరంగా నిలబడింది నా మంచి కోరేనని. ఆ క్షణం నాకు ఆమె మీద కోపం ఉంచుకోవాలో తీసేయాలో తెలియలేదు.

అమ్మ లేచి పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఈ బిడ్డకు నీళ్లు పోసినావు, జడలేసినావు. అప్పుడు లేని దోషం నెత్తురుకు యాడనుంచి వచ్చె? రా వదినా."

పలక మీద అత్త నెత్తురు కూడా విరిగింది, కానీ అన్నిటికంటే సన్నగా, కష్టం మీద కనిపించేటంత. డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చుని, దాన్ని చుక్క చుక్కగా ఎక్కించింది. చలి పుట్టిందా, నడుము నొప్పి పుట్టిందా అని అడుగుతూనే ఉంది. నాకు ఏదీ పుట్టలేదు. సాయంత్రానికి మాట మధ్యలో ఆగకుండా మాట్లాడగలిగాను. అదే నాకు పెద్ద పండుగ.

పక్క మంచం మీద చేతికి గుడ్డ కట్టుకుని పడుకున్న అత్తకు అమ్మ పాలు తాగిస్తూ, నవ్వకుండా అడిగింది: "వదినా, అందరికంటే నీ నెత్తురే కలిసినాది కదా. ఇప్పుడు ఈ బిడ్డ ఎవురిదంటావు?"

అత్త పాలగ్లాసు పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా ఉండి, మిగిలిన పాలు తాగించింది.

నాయన మందును తువ్వాల్లో చుట్టి రొమ్ముకు కట్టుకుని తెచ్చాడు. ఆ మందు పనిచేసిన తీరు ఏమని చెప్పను! మూసుకున్న వేళ్లు విచ్చుకున్నాయి. కళ్లలో పచ్చదనం వెలిసిపోయింది. ఆకలి మాత్రం రాక్షసిలాగా పట్టుకుంది, రొట్టె మీద రొట్టె తినేదాన్ని. మొహం పూరీలాగా ఉబ్బి, అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేకపోయాను. జబ్బు పూర్తిగా పోదు, మందు సొంతంగా మానొద్దు, ఎండలోకి పోవద్దు అని డాక్టరమ్మ వేలు చూపించి బెదిరించింది. ఆమె చెప్పింది నిజమే, అది మళ్లీ మళ్లీ వచ్చింది, నేనూ మళ్లీ మళ్లీ లేచాను.

ఇంటికి పంపించిన రోజు నాయన కోడుమూరు బస్సు ఎక్కించలేదు. "మహానందికి పోయి పోదాం" అన్నాడు.

అమ్మ మొహంలో నెత్తురు లేకుండా పోయింది. నాకు కోపం పొంగుకొచ్చింది. కళ్లతో చూసిన తరువాత కూడా ఇంకా ప్రమాణమా? బస్సులోనే గొడవ పెట్టుకునేదాన్ని, అమ్మ నా చెయ్యి నొక్కి ఆపింది.

మహానంది కోనేట్లో నీళ్లు అడుగున రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంటాయి. అత్త నాకు నీడగా కొంగు పట్టుకుని నిలబడింది. అమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మెట్టు దిగబోయింది. నాయన ఆమెను దాటుకుని పోయి, తువ్వాలు ఆమె చేతిలో పెట్టి, పంచె అంగీతోనే నీళ్లలో మునిగాడు. లేచి, నీళ్లు కారుతుండగానే వచ్చి, గుడివైపు తిరగకుండా అమ్మకు ఎదురుగా నిలబడ్డాడు.

"నిన్ను అనుమానపడినా" అన్నాడు. "తడిబట్టల మీద చెప్తాండా. ఇంక ఎప్పుడూ పడను."

చుట్టూ యాత్రికులు ఆగి చూస్తున్నారు. అమ్మ ఆయన వంక చూసింది. తువ్వాలు విప్పి ఆయన తల మీద వేసి, గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.

"తల ఆరబెట్టుకో" అంది. "జరమొస్తే నీకు కలిసే నెత్తురు నేను యాడ ఎతికేది?"